అప్పుల రోజుల్లో తెరకెక్కిన రైతు

తెలుగు టాకీ పుట్టిందే చేతిలో కాసు ఆడని రోజుల్లో. 1932లో ‘భక్త ప్రహ్లాద’ వచ్చేనాటికి ఆర్థికమాంద్యం కృష్ణా, గోదావరి డెల్టా కళ్లాల దాకా పాకింది. ధాన్యం ధర సగానికి సగం పడిపోయింది. శిస్తూ వడ్డీ మాత్రం ఆ మేరకు తగ్గలేదు. నాలుగెకరాల ఆసామి కూడా నోటు రాసిచ్చి రోజులు నెట్టాడు.

ఆ జనానికి తెర మీద మొదట కనిపించింది దేవుళ్లే. 1934 నాటి ‘లవకుశ’ను విరగబడి చూశారు. దాన్ని పలాయనమని తీసిపారేయడానికి నాకు మనసొప్పదు. తోలుబొమ్మలాటలో, సురభి నాటకంలో తాతల నాటి నుంచీ ఎరిగిన కథలే అవి. కష్టంలో ఉన్నవాడు తెలిసిన కథ దగ్గర కాసేపు సేదదీరితే తప్పేముంది?

అయితే ఊళ్లలో గాలి మారింది. 1937లో ఇచ్ఛాపురంలో బయల్దేరిన రైతుల పాదయాత్ర ఊరూరా తిరిగి మద్రాసు చేరింది. 1938లో ‘మాలపిల్ల’ తీసిన దర్శకుడు గూడవల్లి రామబ్రహ్మం, ఆ గాలిలోనే, మరుసటి ఏడాదే ‘రైతుబిడ్డ’ తీశారు.

అందులో కథానాయకుడు నర్సిరెడ్డి పాత్ర బళ్లారి రాఘవది. రంగస్థలం మీద రాజుల వేషాలు కట్టిన మహానటుడు ఇక్కడ సామాన్య రైతు. నర్సిరెడ్డి తప్పల్లా ఒకటే: ఎన్నికల్లో జమీందారు మనిషిని కాదని రైతుల పక్షాన నిలబడటం. మాటలు రాసినవారిలో త్రిపురనేని గోపీచంద్ ఉన్నారు. రైతు బాధల మీద ‘కడగండ్లు’ రాసిన అప్పాపురం కవి కొసరాజు ఈ సినిమాతోనే పాటల రచయిత అయ్యారు. ఇంత కరుకు కథలోనూ వేదాంతం రాఘవయ్య కూచిపూడి నాట్యం ఉంది. నిజం చెప్పడానికి వినోదాన్ని వదులుకోనక్కర్లేదని రామబ్రహ్మానికి తెలుసు. నాకు ఈ సినిమాలో అన్నిటికన్నా నచ్చేది అదే.

జమీందారులు మండిపడ్డారు. కొన్నిచోట్ల ప్రభుత్వం ప్రదర్శనలు ఆపించింది. చిత్రం తీసిన సారథి సంస్థకు పెద్ద చల్లపల్లి జమీందారే అయినా ఆ అండ చాలలేదు. ‘లవకుశ’లో సీతమ్మ కష్టాలకు రైతు కంటతడి పెడితే ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. తన ఓటు గురించి ఆలోచిస్తాడనేసరికి భయం పుట్టింది. ఆ సినిమా విలువేమిటో ఆ భయమే చెబుతోంది.

మద్రాసు రాష్ట్రంలో జమీందారీల రద్దు చట్టం 1948లో వచ్చింది. రామబ్రహ్మం 1946లోనే కన్నుమూశారు.