బ్యాటరీకి కావలి కాసిన పెట్టె

ఆఫీసు జీపులోనో, అంబాసిడర్ కారులోనో క్యాంపులకు వెళ్ళిన మిత్రులకు పొద్దున్నే బండి తోసిన అనుభవం ఉండే ఉంటుంది. సెల్ఫ్ తిరగకపోతే అందరం బ్యాటరీనే తిట్టుకునేవాళ్ళం. కాని చాలాసార్లు తప్పు దానిది కాదు, బానెట్ కింద ఉండే ఒక చిన్న పెట్టెది.

తొలినాళ్ళలో కారు ముందు నిలబడి హ్యాండిల్ తిప్పేవారు. ఇంజను వెనక్కి తన్నితే చెయ్యి విరిగేది. 1912లో అమెరికాలో చార్లెస్ కెట్టరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు కాడిలాక్ కారులో వచ్చింది. దానికి బలమైన బ్యాటరీ, ఆ బ్యాటరీని చార్జి చేసే డైనమో అవసరమయ్యాయి.

చిక్కంతా ఇక్కడే. వేగం పెరిగినకొద్దీ డైనమో వోల్టేజీ పెరుగుతుంది. బండి నెమ్మదిస్తే అది బ్యాటరీ వోల్టేజీకన్నా తగ్గి, కరెంటు వెనక్కి పారుతుంది. దాన్ని ఆపడానికి కటౌట్ అనే అయస్కాంతపు స్విచ్ పెట్టారు. చార్జింగు హద్దు మీరకుండా మొదట డైనమోలో మూడో బ్రష్షు అమర్చారు. బ్యాటరీ నిండిందో లేదో దానికి తెలియదు. అందుకే కొన్ని బ్రిటిష్ కార్లలో వేసవికి సగం, చలికాలానికి పూర్తి చార్జింగు అని డ్రైవరే స్విచ్ మార్చవలసి వచ్చేది.

1930లలో ఆ పనిని వోల్టేజీ రెగ్యులేటర్ తన మీద వేసుకుంది. వోల్టేజీ హద్దు చేరగానే అందులోని తీగచుట్ట ఒక రేకును లాగుతుంది. పాయింట్లు విడిపోయి, డైనమో ఫీల్డు కరెంటు తగ్గుతుంది. వోల్టేజీ పడిపోగానే అవి మళ్ళీ కలుస్తాయి. సెకనుకు ఎన్నోసార్లు జరిగే ఈ కదలికే బ్యాటరీకి రక్ష. పాయింట్లు మాడితే చార్జింగు చాలక పలకల మీద సల్ఫేటు గట్టిపడుతుంది. అతుక్కుపోతే చార్జింగు ఎక్కువై నీరు ఇగిరిపోతుంది. ఎటుచూసినా కొత్త బ్యాటరీ కూడా త్వరగా పాడయ్యేది. డబ్బు మాత్రం మళ్ళీ మళ్ళీ బ్యాటరీకే పోసేవాళ్ళం.

1960లో క్రిస్లర్ సంస్థ తన వాలియంట్ కారులో ఆల్టర్నేటర్ పెట్టింది. సిలికాన్ డయోడ్లు కరెంటును ఒకవైపే పోనిస్తాయి కనుక కటౌట్‌తో పని లేకపోయింది. తర్వాత రెగ్యులేటర్ కూడా ఎలక్ట్రానిక్ రూపంలో ఆల్టర్నేటర్‌లోనే ఇమిడిపోయింది. మనదేశంలో ఇటువంటి పరికరాల తయారీకి 1961లో మద్రాసులో లూకాస్-టీవీఎస్ సంస్థ ఏర్పడింది.

అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. అయినా పాత బండిని వదులుకోలేనివారు మనలో ఉన్నారు. వారికీ, వారి పిల్లలకూ ఒక్క మాట. 12 వోల్టుల బ్యాటరీ తరచు దిగిపోతుంటే కొత్తది కొనవద్దు. ముందు ఇంజను కాస్త వేగంగా నడుస్తుండగా మీటరు పెట్టించండి. సుమారు 14 వోల్టులకు బాగా తక్కువగానో, ఎక్కువగానో చూపితే ఆ పెట్టె మూత తీయించండి.