రష్యా చిత్రకళా చరిత్రమున చిత్రకారుల కూటములు

రష్యా చిత్రకళను గూర్చి వ్రాయువారు తరచుగా మహాచిత్రకారుల నామావళితో తృప్తిపడుదురు. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున ఆ కళను నడపిన కూటముల కథ అంతకంటె విచారణీయము.

1863వ సంవత్సరము నవంబరు 9వ తేదీన, పాత పంచాంగము ననుసరించి, సెంట్ పీటర్సుబర్గు నందలి సామ్రాజ్య కళాపరిషత్తులో స్వర్ణపతకపు పోటీ జరుగవలసియుండెను. ఒసగబడిన విషయము స్కాండినేవియా పురాణమందలి వల్హల్లా విందు. విషయమును తామే ఎన్నుకొనుటకు అనుమతి వేడిన 14మంది విద్యార్థులు, అది లభింపకపోగా, పోటీని విడిచి వెలుపలికి వచ్చిరి. పతకముతోపాటు విదేశయాత్రా వేతనమును గూడ వారు వదలుకొనిరి. వీరి నాయకుడు ఇవాన్ క్రామ్‌స్కోయ్.

వారు స్థాపించిన కూటమునకు పెట్టుకొన్న పేరు 'ఆర్తెల్'. వడ్రంగులు, జాలరులు కలిసి పనిచేసి రాబడి పంచుకొనెడి జట్టుకు రష్యనులు వాడు మాట యిది. సొంతపనిపై నూటికి 10 వంతులు, ఉమ్మడి పనిపై 25 వంతులు సామాన్యనిధికి చేరుచుండెను. రూపచిత్రములు, చర్చిపటములు వ్రాసి పొట్ట పోసికొనిరి. ప్రభుత్వపు గూఢచారులు వారిపై కన్ను వేసియుండిరి. ఇంటి భారమును వహించినది క్రామ్‌స్కోయ్ భార్య సోఫియా. చరిత్రకారు లామెను ఒక వాక్యముతో దాటిపోవుదురు.

ఈ కూటమును చెరచినది దారిద్ర్యము కాదు. 1870లో ఒక సభ్యుడు తోడివారికి తెలుపక, తాము త్యజించిన పరిషత్తు నుండియే విదేశయాత్రకు సాయము అర్థించెను. దీనిని ఖండింపుడని క్రామ్‌స్కోయ్ కోరగా తక్కినవారు వెనుదీసిరి. ఆయన వెడలిపోయెను. అటుపిమ్మట ఆర్తెల్ ఎంతోకాలము నిలువలేదు.

ఆ యేడే మ్యాసొయేదొవ్, పెరోవ్, గే, క్రామ్‌స్కోయ్ మున్నగువారు సంచార కళాప్రదర్శన సంఘమును నెలకొల్పిరి. ఇందు ఉమ్మడి వంటయిల్లు లేదు; ఉమ్మడి ప్రదర్శనము మాత్రమే కలదు. పాత అనుభవము నేర్పిన వివేక మిది యని నా తలంపు. 1871లో తొలి ప్రదర్శనము జరిగినది, విచిత్రముగా, ఆ పరిషత్తు భవనముననే! పిదప అది మాస్కో, కీవ్, ఖార్కొవ్ నగరములకు తరలెను. కరగుచున్న మంచు, బోసి చెట్లు, వాటిపై గూళ్లు కట్టు కాకులవంటి పక్షులు గల సవ్రాసొవ్ చిత్రము అందు చూపబడినదే. రాజధాని మొగము చూడని జనులు తమ పల్లెను పటమున చూచిరి. మాస్కో వర్తకుడు త్రెత్యాకొవ్ ఇట్టి చిత్రములను కొని, 1892లో తన సేకరణమును ఆ నగరమునకు దానమిచ్చెను.

1890 ప్రాంతముల రేపిన్, షిష్కిన్, కుయింజి పరిషత్తులోనే ఆచార్యులైరి. సంఘము వృద్ధుల సభగా మారినదని సణగిన యువకులు వేరుదారులు వెదకికొనిరి. దియాగిలెవ్, బెన్వా 1898లో 'కళాప్రపంచము' పత్రికను వెలువరించిరి. సంచార సంఘపు 48వ ప్రదర్శనము 1923లో జరిగెను, అదియే తుదిది. 1932 ఏప్రిల్ 23వ తేదీ నాటి కమ్యూనిస్టు పార్టీ తీర్మానము స్వతంత్ర కళాకూటముల నన్నింటిని రద్దుచేసెను.