ముద్ద గొంతు దిగిన చరిత్ర



భోజనవేళ పొలమారినచో మన యిండ్లలో పెద్దవారు మాడుపై తట్టి "ఎవరో తలచుకొనుచున్నారు" అందురు. చిన్ననాడు నేనును ఆ మాట నమ్మితిని. అఱువదియేండ్లు దాటిన పిదప, మా అన్నగారికి పక్షవాతము వచ్చి, చెంచాడు మంచినీళ్లకే ఉక్కిరిబిక్కిరియైన నాడు అది మఱల జ్ఞప్తికి వచ్చినది. నీళ్లు వలదనియు, కూర్చుండబెట్టి చిక్కని జావ కొద్దికొద్దిగా పట్టుడనియు వైద్యుడు చెప్పెను. మా వదినగారికి ఆ మాట మింగుడుపడలేదు. జావ దిగునట, నీరు దిగదట! "గొంతులో పుండు లేదమ్మా, వాపు లేదు, నరముల ఏర్పాటు తప్పినది" అని ఆయన సమాధానము. ఆ నరము లెవ్వి, వాని నెవరు కనుగొనిరి అను విచారణలో నాకు కొన్ని నెలలు గడచినవి. అందు తెలిసికొన్నది నేడు మీకు విన్నవించుచున్నాను.

సంస్కృతము చదివి బ్రతికినవాడను గనుక మొదట సుశ్రుతసంహితయే తెఱచితిని. శవమును దర్భ, నార మున్నగువానితో చుట్టి, పంజరములో నుంచి, జనులు చూడనిచోట మెల్లగా పాఱు నీటిలో ఏడు రాత్రులు నాననిచ్చి, పిదప వట్టివేరు మొదలగువాని కుంచెతో మెల్లమెల్లగా రాచుచు ఒక్కొక్క పొరయు కన్నులార చూడవలెనని శారీరస్థానము విధించుచున్నది. దేహమునందలి పేశులు ఐదువంద లని లెక్క. అందు మెడకు నాలుగు, దవడలకు ఎనిమిది, కొండనాలుకకు ఒకటి, గొంతునకు ఒకటి, అంగిలికి రెండు, నాలుకకు ఒకటి.

దవడలకు ఎనిమిది! నేటి శాస్త్రమును నమలు పేశులు ప్రక్కకు నాలుగు చొప్పున ఎనిమిదియే యనుచున్నది. ఈ క్షణమున మీ కణతలపై వ్రేళ్లుంచి పండ్లు గట్టిగా కఱచి చూడుడు; వ్రేళ్ల క్రింద ఉబ్బునది కణతపేశి. చెవికి ముందు, చెంపపై ఉబ్బునది చర్వణపేశి. తక్కిన రెండును దవడ లోపలివైపున నుండుటచే చేతికి చిక్కవు. ఈ సంఖ్యాసామ్యమును చూచి, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదని చెప్పుటకు సిగ్గుపడను. తెల్లవాఱిన పిదప మఱల చదివితిని. ఆ ఎనిమిదియు ఏవేవియో సుశ్రుతుడు చెప్పలేదు. నాలుకకు ఒకటియే యన్నాడు. నేడు నాలుకయందే ఎనిమిది జతల పేశులు చూపుచున్నారు. ఒక లెక్క కలిసినదని గర్వించి, రెండవ లెక్క కలియలేదని మూసిపెట్టుట పండితధర్మము కాదు. నన్ను నిజముగా నిలిపినది వేఱొకటి. కంఠనాళమునకు ఇరుప్రక్కల నీలలు రెండు, మన్యలు రెండు అను మర్మములను చెప్పి, అచ్చట దెబ్బ తగిలినవానికి మూగతనము గాని, స్వరవికారము గాని, రుచి తెలియకుండుట గాని కలుగునని ఆ గ్రంథమున నున్నది. ఇది గాయపడినవారిని చూచినవాని మాట.

పడమట గేలెను అను మహావైద్యుడు క్రీస్తుశకము రెండవ శతాబ్దమున ఇట్టిదే చేసి చూపినాడు. ఆయన పెర్గమువాడు, రోమునగరమున ప్రసిద్ధికెక్కినవాడు. కీచుమని అఱచుచున్న పంది మెడలో సన్నని నరమును బంధింపగనే దాని గొంతు మూగవోయినది. ఆ నరము తిన్నగా స్వరపేటికకు పోక, ఱొమ్ములోనికి దిగి, అచ్చటి పెద్దధమనిని చుట్టి మఱల పైకి వచ్చును. కప్పీపై త్రాడువలె నున్నదని ఆయన యుపమ. కాని రోమున మనుష్యశవచ్ఛేదము లేదు. కోతులు, పందులు, ఎద్దులే ఆయన గురువులు. అందుచే మానవుని క్రిందిదవడ రెండెముకల కూర్పని వ్రాసెను. ఎద్దులోను, కుక్కలోను గడ్డమువద్ద అతుకు విడిగానే యుండును. మనలో అట్లు కాదు. ఈ పొరపాటు వెయ్యేండ్లకు పైగా వేదవాక్యమై చెల్లినది.

దానిని కనుగొన్న కథ ఘోరమైనది. 1200 నుండి 1202 వఱకు ఈజిప్టున మహాక్షామము సంభవించెను. అచ్చట నుండిన అబ్దుల్ లతీఫ్ అను బాగ్దాదు పండితుడు ఎముకల గుట్టలకడకు పోయి, రెండువేలకు పైగా పుఱ్ఱెలను పరీక్షించి, క్రిందిదవడ ఒక్కటే యెముక యని నిశ్చయించెను. అన్నము లేక చచ్చినవారి దవడలు ఆ సత్యమును చెప్పినవి! ఐరోపాలో వెసేలియసు 1543 లో, బేసెలు పట్టణమున అచ్చైన తన మహాగ్రంథమున అదే స్థాపించెను. ఆయన గురువగు సిల్వియసు మాత్రము, గేలెను తప్పలేదనియు, నాటికి నేటికి మనుష్యదేహమే మాఱినదనియు వాదించినాడు. దీనికి నవ్వుటకు నాకు నోరు రాదు. పాఠమును నిలుపుటకు ప్రత్యక్షమును త్రోసివేసిన వాదములు మా పాఠశాలలోను వింటిని.

నరముల సంగతి ఇంకను జటిలము. 1664 లో విల్లిసు మెదడునుండి బయలుదేఱు నరములను తొమ్మిది జతలుగా లెక్కించెను. 1778 లో సొమ్మరింగు పండ్రెండుగా తేల్చెను. ఇందు నమలుటకు మ్రింగుటకు ముఖ్యమైనవి ఐదు జతలు: అయిదవది, ఏడవది, తొమ్మిదవది, పదవది, పండ్రెండవది. అయిదవదానికి మూడు శాఖలు. మూడవ శాఖయే నమలు పేశులను కదలించును. ఏడవది ముఖనాడి, పెదవులను మూసియుంచునది అదియే.

ఈ అయిదింటికి ఏడింటికి గల భేదము తెలియక, ముఖమున కత్తితో కోసినట్లు వచ్చు నొప్పి పోవుటకై శస్త్రవైద్యులు ముఖనాడిని తెగగోసెడివారు. నొప్పి పోలేదు, మూతి వంకరపోయినది. కొండనాలుకకు మందు వేసిన ఉన్న నాలుక ఊడుట యనగా ఇదియే. 1821 లో చార్లెసు బెల్లు అను వైద్యుడు గాడిదపై పరీక్షించి ఈ భేదమును వెల్లడించెను. పై పెదవికి పోవు అయిదవ నాడిశాఖను కోయగా గాడిద ఓట్లధాన్యమును అందుకొనలేదు; కావున పెదవిని కదలించు శక్తి ఆ శాఖయందున్నదని ఆయన తలచెను. మరుసటియేట హెర్బర్టు మేయో అనునతడు దీనిని సరిదిద్దినాడు. పెదవికి బలము పోలేదు, స్పర్శ పోయినది. ధాన్యము తగిలినట్లు తెలియని పెదవి ఎట్లందుకొనును? చూచినది సత్యమైనను, చూచినదానికి చెప్పిన కారణము తప్పు కావచ్చును. తర్కశాస్త్రము చదివిన నాకు ఇంతకన్న మంచి దృష్టాంతము దొరకలేదు.

మ్రింగుటను మూడంచెలుగా విభజించినవాడు ఫ్రాన్సుదేశపు మజాండీ. నోటిలోని అంచె మన యిచ్ఛ. నాలుక ముద్దను వెనుకకు నెట్టిన పిదప మన యధికారము లేదు. అంగిలి లేచి ముక్కుదారిని మూయును, స్వరపేటిక పైకి పోయి మూతపడును, ఊపిరి ఆగును, అన్నవాహిక నోరు తెఱచును. ఇంచుమించు ఒక్క సెకనులో ఇదంతయు జరుగును. ముద్ద నిదానముగా జరుగును గనుక ఒకింత ఆలస్యమును ఓర్చును. నీరు ఓర్వదు, తలుపు పడకముందే జాఱి ఊపిరిత్రోవను పడును. మా వదినగారి సందేహమునకు సమాధాన మిదియే. ఆ పిమ్మటి దారిని కన్నులార చూచినవాడు అమెరికావాడగు కేనను. 1895 లో ఎక్సురే కిరణములు బయల్పడగా, వైద్యవిద్యార్థిగా నున్న ఆయన పెద్దబాతునకు బిస్మతు కలిపిన మేత పెట్టి, అది మెడలో దిగుట చూచెను. ఆ పరిశోధన 1898 లో ప్రకటితమైనది.

మన దేశమున 1836 లో కలకత్తా వైద్యకళాశాలయందు శవచ్ఛేదమునకు చేయి సాచిన మధుసూదన గుప్తుడు సంస్కృత కళాశాలలో ఆయుర్వేదము చెప్పిన పండితుడు. సుశ్రుతుడు విధించినది మఱల చేయుటకు మనకు ఇన్ని శతాబ్దములు పట్టినది.

ఇక ముగిసినదనుకొంటిరేమో! మీ చెంపపై వ్రేలికి తగిలిన ఆ చర్వణపేశియందే, ఇంతకుమున్ను స్పష్టముగా వర్ణింపబడని లోపలిపొర యొకటి కలదని 2021 లో పండితులు ప్రకటించిరి. ఆ పరిశోధన జరిగినది వెసేలియసు గ్రంథమచ్చైన బేసెలు పట్టణముననే.

మా అన్నగారు నాలుగవ నెలలో గ్రుక్కెడు నీరు పొలమాఱక త్రాగినారు. వదినగారు మాత్రము అలవాటు చొప్పున మాడుపై తట్టినారు.