ఒక చిన్న క్రియ - వందల అర్థాలు

సూర్యుడు అస్తమించును. కలిపిన సిమెంటు బిగుసుకొనును. వైద్యుడు విరిగిన ఎముకను సరిచేసి కట్టు కట్టును. వేటగాడు వల పన్నును. పరీక్షకుడు ప్రశ్నపత్రమును తయారుచేయును. ఈ ఐదు పనులకును తెలుగులో వేర్వేరు మాటలు కావలసివచ్చినవి. ఇంగ్లీషువాడు మాత్రము వీటన్నిటిని మూడక్షరాల ఒక్క క్రియతోనే చెప్పగలడు. ఆ క్రియ 'సెట్'. ఇంత చిన్న మాట ఇంత బరువును ఎట్లు మోయుచున్నది? ఆ బరువు శాస్త్రగ్రంథములను చదువువారిపై ఎట్లు పడుచున్నది?

ఈ కథ నిఘంటువుతో ప్రారంభమగును. 1857లో లండనులోని భాషాశాస్త్ర సంఘమువారు అప్పటి ఇంగ్లీషు నిఘంటువుల లోపములను గుర్తించి, కొత్త నిఘంటువు కావలెనని నిశ్చయించిరి. 1879లో జేమ్స్ మరే సంపాదకత్వము వహించినాడు. ఇంటి ఆవరణలో ఇనుపరేకులతో ఒక పాక వేయించి, అందులో గూళ్లు అమర్చి పని మొదలుపెట్టినాడు. వేలకొలది ఔత్సాహికులు తాము చదివిన పుస్తకములనుండి వాక్యములను చిన్న చీటీలపై వ్రాసి పంపిరి. ఏ మాట ఏ కాలమున ఏ అర్థములో వాడబడినదో ఆ చీటీలే సాక్ష్యము చెప్పవలెను. అర్థమును సంపాదకుడు ఊహించి వ్రాయుట కాదు, సాక్ష్యమునుబట్టి నిర్ణయించుట. ప్రకృతిశాస్త్రజ్ఞుడు నమూనాలను సేకరించి వర్గీకరించు పద్ధతి ఇదే కదా!

మొదటి భాగము 1884లో వెలువడినది. మరే 1915లో మరణించినాడు. 'సెట్' ఉన్న భాగము హెన్రీ బ్రాడ్లీ అను మరియొక సంపాదకుని వంతుకు వచ్చినది. 1928లో నిఘంటువు పూర్తియైనది. 1989లో 20 సంపుటములుగా వచ్చిన రెండవ ముద్రణలో అన్నిటికంటె పొడవైన ఆరోపము ఈ 'సెట్' క్రియదే. 430కి పైగా అర్థములు, వాటిని వివరించుటకు సుమారు 60,000 మాటలు పట్టినవి. అనగా ఒక్క మాటకు ఒక చిన్న పుస్తకమంత వివరణ! ఆ తరువాత మూడవ ముద్రణకై జరుగుచున్న సవరణలో 2000లో 'మేక్', 2007లో 'పుట్', 2011లో 'రన్' వరుసగా ఆ స్థానమును ఆక్రమించినవి. 'రన్' క్రియ ఒక్కదానికే 645 అర్థములు తేలినవి. దానిని పరిష్కరించుటకు పీటర్ గిలివర్ అను సంపాదకునికి తొమ్మిది నెలలు పట్టినది.

ఇన్ని అర్థములు ఎక్కడినుండి వచ్చినవి? 'సెట్' మూలార్థము చాల సామాన్యమైనది. ఇంగ్లీషులో 'సిట్' అనగా కూర్చుండుట. 'సెట్' దాని ప్రేరణరూపము, అనగా కూర్చుండబెట్టుట. ప్రాచీనాంగ్లములో సూర్యాస్తమయమును సూర్యుడు తన ఆసనమునకు వెళ్లుటగా చెప్పుకొనిరి. వస్తువును ఒకచోట కుదురుగా నిలుపుట అను భావమునుండి ఎముకను కుదుర్చుట, పరికరమును సరియైన గీతవద్ద నిలుపుట, ద్రవము కదలక బిగుసుకొనుట మొదలైనవన్నియు కొమ్మలవలె చీలినవి.

ఐతే, అన్నియు ఒక్క వేరునుండి పుట్టినవి కావు. సముదాయమను అర్థముగల నామవాచకము లాటినులోని 'సెక్టా' అను మాటనుండి ఫ్రెంచి ద్వారా వచ్చి, ఈ క్రియతో కలిసిపోయినది. గణితములోని సమితికి ఈ పేరు స్థిరపడినదికూడ మెల్లగానే. గెయోర్గ్ కాంటర్ జర్మనులో 'మెంగె' అని వాడిన మాటను 1915లో వచ్చిన ఇంగ్లీషు అనువాదము 'అగ్రిగేట్' అని తర్జుమా చేసినది. 'సెట్' తరువాతి కాలమున గెలిచినది.

ఇది ఇంగ్లీషుకు మాత్రమే కలిగిన చిత్రము కాదు. మన 'పెట్టు' క్రియను చూడుడు. తల్లి అన్నము పెట్టును, కోడి గుడ్డు పెట్టును, పురోహితుడు ముహూర్తము పెట్టును, పంతులు పరీక్ష పెట్టును, పెద్దలు బిడ్డకు పేరు పెట్టుదురు. వీటన్నిటిని ఒకే ఇంగ్లీషు క్రియతో చెప్పుట కష్టము.

అమెరికాలోని జార్జి జిప్ఫ్ 1945లో దీనికి ఒక లెక్క చూపినాడు. మాట ఎంత తరచుగా వాడబడునో, దాని అర్థముల సంఖ్య సుమారుగా ఆ వాడుక యొక్క వర్గమూలమును అనుసరించి పెరుగును. అనగా ఒక మాట మరియొకదానికంటె 100 రెట్లు ఎక్కువగా వాడబడినచో, దాని అర్థములు ఇంచుమించు 10 రెట్లు ఉండును. ఇందుకు ఆయన చెప్పిన కారణము సులభమైనది. మాటలాడువానికి తక్కువ మాటలతో పని జరుగవలెను. వినువానికి ప్రతి భావమునకు ప్రత్యేకమైన మాట ఉండవలెను. ఈ ఇద్దరి శ్రమల మధ్య కుదిరిన రాజీయే భాష.

ఈ రాజీ యంత్రములను చాలకాలము తికమకపెట్టినది. 1949లో వారెన్ వీవర్, మాటకు ఇరుప్రక్కలనున్న మాటలను చూచి దాని అర్థమును నిర్ణయించవచ్చునని సూచించినాడు. 1954లో న్యూయార్కులో 250 మాటలతో, ఆరు వ్యాకరణ సూత్రములతో యంత్రానువాదమును ప్రదర్శించిరి. కాని 1960లో బార్-హిల్లెల్, లోకజ్ఞానము లేని యంత్రమునకు సరియైన అర్థమును ఎన్నుకొనుట అసాధ్యమని వాదించినాడు. నేటి యంత్రములు కోట్లకొలది వాక్యములనుండి సందర్భమును నేర్చుకొనుచున్నవి. వీవర్ చూపిన దారి ఇదే. ఐనను పొరపాట్లు పూర్తిగా తొలగలేదు.

మనుష్యులు చేయు పొరపాట్లుకూడ తక్కువ కావు. సిమెంటు విషయమే తీసికొందము. నీరు కలిపిన సిమెంటు మెత్తదనము కోల్పోయి బిగుసుకొనుట ఒక దశ. భారతీయ ప్రమాణము ప్రకారము సాధారణ పోర్ట్‌లాండు సిమెంటు 30 నిమిషములలోపల బిగుసుకొనుట మొదలు కారాదు, 600 నిమిషములలోపల అది ముగియవలెను. బలము పుంజుకొనుట మరియొక దశ. అది దినముల తరబడి సాగును. కాంక్రీటు బలమును సాధారణముగా 28వ దినమున పరీక్షింతురు. ఇంగ్లీషులో వీటికి రెండు వేర్వేరు మాటలున్నవి. అనువాదకుడు రెండింటిని 'గట్టిపడుట' అనియే వ్రాసినచో, పది గంటలలో కప్పు గట్టిపడినదని పాఠకుడు అనుకొనవచ్చును. నీరు పోయుట మానివేసినను, ఆధారములను ముందుగా తీసివేసినను ప్రమాదము కలుగును. మొదటిదానిని 'బిగుసుకొనుట', రెండవదానిని 'బలపడుట' అనినచో చిక్కు తీరును.

కనుక శాస్త్రపదములను కూర్చువారు ఒక ఇంగ్లీషు మాటకు ఒక తెలుగు మాట అను లెక్క పెట్టుకొనరాదు. పద్ధతి మరే పాకలోనే ఉన్నది. ముందు వాక్యమును చూడవలెను, ఆ వాక్యములో జరుగుచున్న పనిని గుర్తింపవలెను, పిదప ఆ పనికి తెలుగువారు వాడు మాటను వెదకవలెను.