మత్తుమందు తగాదా

వైద్యం శాస్త్రమా, హస్తవాసా అని మన పెన్షనర్ల మధ్య తరచు వాదన వస్తుంటుంది. ఒకప్పుడు ఇటువంటి తగాదాయే మన హైదరాబాదు నుంచి లండను దాకా వెళ్ళింది.

1847లో ఎడింబరోలో సింప్సన్ గారు క్లోరోఫారం వాడుక మొదలుపెట్టారు. మరుసటి ఏడే ఇంగ్లండులో పదిహేనేళ్ళ పిల్ల, కాలిగోరు తీయడానికి ఆ మత్తు ఇస్తే, ప్రాణం విడిచింది. ముందు ఆగేది గుండా, ఊపిరా? లండను వైద్యులు నాడి చూడమన్నారు. హైదరాబాదు రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ మాత్రం, ఊపిరిని కనిపెట్టుకుని ఉంటే చాలు, నాడితో పనిలేదన్నారు. అది ఆయన అనుభవం.

ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ హయాంలో 1888లో కుక్కల మీద పరీక్షలు జరిగాయి. లాన్సెట్ పత్రిక ఒప్పుకోలేదు. నిజాం వెయ్యి పౌన్లు ఇచ్చి, 1889లో లండను నుంచి లాడర్ బ్రంటన్ గారిని రప్పించారు. నాలుగు వందలకు పైగా జంతువుల మీద పరీక్షించి, ఆయనా లారీగారి పక్షమే చేరారు. ఎంత పెద్ద ఫైలో చూడండి!

అయినా 1911లో గుడ్‌మన్ లెవీ ఆ ఫైలు తిరగదోడారు. మత్తు చాలీచాలకుండా ఉన్నప్పుడు గుండె ఒక్కసారిగా గతి తప్పి ఆగిపోవచ్చునని, ఒంట్లో ఊరే అడ్రినలిన్ దానికి తోడవుతుందని ఆయన చూపారు. ఊపిరి చూడమన్న లారీగారి మాట మంచిదే. గుండెకు ముప్పు లేదన్నదే పొరపాటు.

భయపడితే ఊరేది ఆ అడ్రినలినే. నా హెర్నియా ఆపరేషన్‌కు ముందురాత్రి మత్తు డాక్టరుగారు మంచం పక్కన కూర్చుని, మనవల కబుర్లు అరగంటసేపు ఎందుకడిగారో ఇది చదివాక అర్థమైంది.