కాల్ బుక్కులో సంతకం

నా చదువంతా తమిళ మీడియం. తెలుగు అక్షరాలు ఇంట్లో మా నాయన దగ్గర నేర్చుకున్నవి. తప్పులుంటే దిద్దండి. ఈ ఆదివారం నిద్ర చరిత్ర రాస్తున్నాను.

నిద్రకీ మన జిల్లాకీ సంబంధమేమిటని నవ్వకండి. తిరువళ్ళూరులో వీరరాఘవస్వామి ఆదిశేషుడి మీద పడుకునే దర్శనమిస్తాడు. అమావాస్య ముందు రాత్రి జనం వచ్చి అక్కడ నిద్ర చేస్తారు. తిరుత్తణిలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారేమో నిద్రను గురించి మాట్లాడిన ఉపనిషత్తుల్ని ఇంగ్లీషులో లోకానికి అందించారు. ఈ రెండూ కాక నా సొంత కథ ఒకటుంది. ముందు అది చెబుతాను.

నేను రైల్వేలో గుమాస్తాగా చేరిన కొత్తలో ఇళ్ళల్లో ఫోన్లు లేవు. డ్రైవర్లను డ్యూటీకి పిలవడానికి కాల్ బాయ్ ఉండేవాడు. అర్ధరాత్రయినా సైకిలు మీద క్వార్టర్స్‌కి పోయి, తలుపు తట్టి లేపి, కాల్ బుక్కులో సంతకం తీసుకుని రావాలి. ఒక రాత్రి ఒక డీజిల్ అసిస్టెంటు పదకొండుకి పడుకున్నాడు. పన్నెండు దాటాక కాల్ బాయ్ వెళ్ళాడు. ఆయన తలుపు తీసి, సంతకం పెట్టాడు. డ్యూటీకి మాత్రం రాలేదు. మళ్ళీ మనిషిని పంపితే మంచం మీద గాఢంగా నిద్రపోతున్నాడు. “నన్నెవరూ లేపలేదే” అన్నాడు. సంతకం చూపిస్తే తెల్లబోయాడు. డ్యూటీ ఎగ్గొట్టి అబద్ధమాడాడని చార్జిషీటు ఇచ్చారు, ఇంక్రిమెంటు ఆపారు. ఆ చార్జిషీటు టైపు కొట్టింది నేనే. “నిజంగా నాకు గుర్తులేదు సార్” అని నా బల్ల దగ్గర నిలబడి చెప్పాడు. నేనూ నమ్మలేదు.

ఇప్పుడు చరిత్రలోకి పోదాం.

బృహదారణ్యక ఉపనిషత్తులో కాశీరాజు అజాతశత్రువు, బాలాకి అనే పండితుణ్ణి వెంటబెట్టుకుని నిద్రపోతున్న ఒక మనిషి దగ్గరికి వెళతాడు. పెద్ద పెద్ద పేర్లు పెట్టి పిలిస్తే ఆ మనిషి లేవడు. చేత్తో తట్టి కదిపితే లేస్తాడు. అప్పుడు రాజు అడుగుతాడు: ఇంతసేపూ ఇతని తెలివి ఎక్కడికి పోయింది? మాండూక్యం ఇంకో అడుగు ముందుకు వేసి మెలకువ, కల, కలలేని గాఢనిద్ర అని విడదీసింది. ఆ గాఢనిద్రకే సుషుప్తి అని పేరు. వీటిని దాటిన తురీయం నాలుగోది.

మెదడు తరంగాల గురించి ఉపనిషత్తుల్లో ముందే ఉందని మన గ్రూపులో వచ్చే ఫార్వర్డుల్ని నేను ఒప్పుకోను. తలలో ఏం జరుగుతోందో కొలిచే సాధనం వాళ్ళకు లేదు. కానీ నిద్ర అంతా ఒకే రకం కాదని గమనించారు. అది చిన్న సంగతి కాదు.

కొలిచే సాధనం జర్మనీలో యేనా పట్టణంలో పుట్టింది. హాన్స్ బెర్గర్ అనే డాక్టరు 1924లో మొదటిసారి మనిషి తల మీద నుంచి మెదడు విద్యుత్తును నమోదు చేశాడు. అదే ఈఈజీ. 1929లో ప్రకటిస్తే చాలామంది నమ్మలేదు. 1934లో కేంబ్రిడ్జిలో ఏడ్రియన్, మాథ్యూస్ చేసి చూసి నిజమేనన్నాక లోకం ఒప్పుకుంది.

తర్వాత అమెరికాలో ఆల్ఫ్రెడ్ లూమిస్ అనే ధనవంతుడు తన సొంత ప్రయోగశాలలో మనుషుల్ని పడుకోబెట్టి రాత్రంతా గీతలు గీయించాడు. నిద్ర మెట్లు మెట్లుగా దిగుతుందని 1937లో ఆయన బృందం చూపించింది. ఆ మెట్లు ఇవీ.

కళ్ళు మూసుకుని ఊరికే పడుకున్నప్పుడు సెకనుకు 8 నుంచి 13 అలలు. వీటిని ఆల్ఫా అంటారు. కునుకు పట్టగానే అవి చెదిరి, సెకనుకు 4 నుంచి 7 దాకా తగ్గుతాయి. ఇవి తీటా. రెండో మెట్టులో మధ్య మధ్య గబగబా ఒక గుత్తి అలలు వచ్చి పోతాయి. మధ్యలో లావుగా, రెండు కొసలా సన్నగా ఉంటాయి కాబట్టి దానికి కదురు అని పేరు. మన పొదటూరుపేట, ఆర్కే పేట నేతవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. మూడో మెట్టు గాఢనిద్ర. అక్కడ సెకనుకు రెండు, ఒకటి, ఇంకా తక్కువ. కానీ ఒక్కో అల చాలా ఎత్తు. ఇవి డెల్టా.

నిద్రలో అలలు పెద్దవి కావడమేమిటి? ఆడికృత్తికకు తిరుత్తణి కొండ మెట్ల మీద జనాన్ని తలచుకోండి. ఎవరి మాట వాళ్ళు మాట్లాడుకుంటుంటే దూరానికి సన్నటి రొదే వినిపిస్తుంది. మెలకువలో మెదడు అంతే. అందరూ ఒక్కసారి “హరోహరా” అని, మళ్ళీ ఒక్కసారి ఊరుకుంటే? గాఢనిద్రలో మెదడు కణాలు లక్షలకు లక్షలు అలా కలిసి పలికి, కలిసి ఊరుకుంటాయి. అందుకే అల పెద్దది. ఆ లయలో ఉన్న మెదడుకు బయటి పిలుపు సరిగా చేరదు.

చికాగోలో యూజీన్ ఆసెరిన్‌స్కీ తన ఎనిమిదేళ్ళ కొడుకుని పడుకోబెట్టి యంత్రం తగిలించాడు. నిద్రలో ఉన్నట్టుండి పిల్లాడి కళ్ళు గబగబా కదిలాయి, మెదడు గీతలు మెలకువలో లాగా మారాయి. కలలు ఎక్కువగా వచ్చే నిద్ర అదే. ఆయనా, గురువు క్లైట్‌మన్ కలిసి ఆ సంగతి 1953 సెప్టెంబర్ 4న ప్రకటించారు. అదే 1953లో, ఉపరాష్ట్రపతిగా ఉంటూ, రాధాకృష్ణన్ గారు 18 ఉపనిషత్తులకు ఇంగ్లీషు అనువాదం, వ్యాఖ్యానం ప్రచురించారు. అందులో బాలాకి కథా ఉంది, మాండూక్యమూ ఉంది. లోపలి నుంచి చూసినవాళ్ళూ బయటి నుంచి కొలిచినవాళ్ళూ కలనిద్ర, గాఢనిద్ర వేరని చెప్పిన రచనలు ఒకే ఏడు వెలువడ్డాయి.

తర్వాత తెలిసిందేమంటే, ఈ మెట్లు దిగి ఎక్కే చుట్టు ఒక్కోటి సుమారు 90 నిమిషాలు. రాత్రికి నాలుగైదు సార్లు. గాఢనిద్ర ఎక్కువగా మొదటి చుట్లలోనే ఉంటుంది, కలనిద్ర తెల్లవారుజామున.

ఇది చదివిన రోజు నాకు ఆ కాల్ బుక్కు గుర్తొచ్చింది. పదకొండుకి పడుకున్న మనిషిని పన్నెండు దాటాక లేపారు. గాఢనిద్రలో లేపితే మెదడు కొంత లేచి కొంత లేవకుండా ఉండొచ్చు. కాళ్ళు నడుస్తాయి, చెయ్యి రాస్తుంది, జ్ఞాపకం మాత్రం నిలవదు. ఆయన విషయంలో జరిగింది అదేనని నేను ప్రమాణం చేయలేను. కానీ “అబద్ధం” అనే మాట టైపు కొట్టే ముందు ఆ అనుమానానికి చోటివ్వాల్సింది. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. క్షమించమని అడగడానికి మనిషి లేడు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మన ఇళ్ళల్లో రాత్రి షిఫ్టులకు వెళ్ళే పిల్లలున్నారు. దూరం నుంచి కేకేసి, “ఊఁ” అన్నాడు కదా అని వదిలేయకండి. తట్టి లేపండి, లైటు వెయ్యండి, ఓ అరగంట కూర్చోనిచ్చి తర్వాతే బండి తాళం ఇవ్వండి. వయసైన నా తోటివాళ్ళకు ఒక మాట: వయసుతో గాఢనిద్ర తగ్గడం సహజం. పక్కింటివాళ్ళ నిద్రమాత్రలు అడిగి వేసుకోకండి, డాక్టరునే అడగండి.

రైల్వేలో చేసినవాళ్ళెవరికైనా ఇలాంటి అనుభవం ఉంటే కింద రాయండి. అందరం చదువుదాం.