పబ్లిక్ అంటే ఎవరు?

పార్కులో బెంచీ, చెట్టు నీడ, పక్కనే టీ బండి ఉంటే ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా మాట కలుపుతారు. ఒక విద్యార్థి వ్యాసంలో ఇదే రాశాడు. తప్పేం లేదు. నేనడిగింది ఒక్కటే: ఆ బెంచీ మీద కూర్చునే హక్కు ఎవరికి, ఎలా వచ్చింది?

మిత్రులారా, జవాబు కోసం మహాడ్ వెళ్దాం.

బొంబాయికి దక్షిణాన ఉన్న మున్సిపల్ పట్టణం అది. చుట్టుపక్కల ఊళ్ల దళితులు సరుకులు కొనడానికి, తాలూకా కచేరీ పనుల మీద అక్కడికి రావాల్సిందే. బయటి మనిషికి నీళ్లు దొరికే పబ్లిక్ చెరువు చవదార్ ఒక్కటే. పశువులు కూడా తాగొచ్చు. మనవాళ్లు మాత్రం తాగకూడదు.

1923లో ఎస్.కె. బోలే ప్రతిపాదించిన తీర్మానాన్ని బొంబాయి శాసనమండలి ఆమోదించింది: ప్రభుత్వ సొమ్ముతో నడిచే బావులు, చెరువులు అంటరానివారికీ తెరవాలి. 1924లో మహాడ్ మున్సిపాలిటీ సరేనంది. కాగితం మీద చెరువు అందరిదైంది. మూడేళ్లయినా మనవాళ్లు గట్టు దిగే పరిస్థితి రాలేదు.

1927 మార్చిలో ఆర్.బి. మోరే తదితరులు అక్కడ సభ పెట్టారు. సభకొచ్చినవాళ్లు తాగడానికి సవర్ణుల దగ్గర 40 రూపాయల నీళ్లు కొన్నారు. అంత పెద్ద చెరువు పక్కన పెట్టుకుని నీళ్లు కొనుక్కోవడం! మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో ఊరేగింపుగా వెళ్లి చెరువు నీళ్లు తాగారు. ఆ రోజే వాళ్ల మీద దాడి జరిగింది. తర్వాత 108 కుండల్లో పంచగవ్యం కలిపి చెరువును 'శుద్ధి' చేశారు. అదే ఏడాది ఆగస్టులో మున్సిపాలిటీ తన తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. కేసు నడిచి నడిచి 1937 మార్చి 17న బొంబాయి హైకోర్టులో మనవాళ్లు గెలిచారు. ఒక దోసెడు నీళ్లకు పదేళ్లు.

ఇప్పుడు రాజ్యాంగం 15(2) అధికరణం తెరవండి. దుకాణాలు, హోటళ్లు, వినోద స్థలాలు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు. చాలామందికి అదొక జాబితా. నాకు అందులో మహాడ్ చెరువు కనిపిస్తుంది.

అయినా చట్టం రాసినంత మాత్రాన కథ ముగియలేదు. అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో 1991లో గొడవ ఎక్కడ మొదలైంది? సినిమా హాల్లో. దళిత యువకుడి కాలు ముందు సీట్లోని అగ్రకులస్తుడికి తగిలింది. సాంఘిక బహిష్కరణ మొదలైంది. ఆగస్టు 6న 8 మంది దళితుల్ని చంపారు. ఒకే తెర, ముందూ వెనకా సీట్లు. కలిపి కూర్చోబెట్టగానే మనుషులు కలిసిపోరు.

అందుకే నగరాల్లో పార్కులు, టీ బండ్లు, లైబ్రరీలు వద్దనను. ఇంకా కావాలి. ఊళ్లో దొరకని పలకరింపు మనలో చాలామందికి అక్కడే మొదటిసారి దొరికింది. కానీ ఆ పలకరింపు బెంచీ ఇచ్చింది కాదు. సమానంగా నిలబడే హక్కును కొట్లాడి తెచ్చినవాళ్లు ఇచ్చింది.

ఈసారి పార్కుకు వెళ్తే ఒక పని చెయ్యండి. ఎవరు కూర్చున్నారు, ఎవరు ఊడుస్తున్నారు, ఆ ఇద్దరూ ఎప్పుడైనా మాట్లాడుకున్నారా? చూసి వచ్చి రాయండి. మీరు రాసే ఆ వ్యాసం కోసం చూస్తుంటాను.

జై భీమ్.